భూమి తిరుగుతుంటే విమానం ఎగరడం దేనికి?

ప్రశ్న: మా అమ్మమ్మ ఢిల్లీలో విమానం ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న పిన్ని దగ్గరికి వెళ్తోంది. ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు బయల్దేరి, అదే ఆదివారం ఉదయం 6.30కి దిగుతుందని టికెట్‌లో ఉంది. అంత దూరం రెండున్నర గంటల్లో వెళ్లిపోతుందా? అసలు ఆ దూరం ఎంత? ఇంకో సందేహం కూడా ఉంది. భూమి ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది కదా! విమానం పైకి లేచి ఊరికే నిలబడితే శాన్‌ఫ్రాన్సిస్కో దానంతట అదే కిందికి రాదా?

జవాబు: మూడూ మంచి ప్రశ్నలే. మూడోది విని పెద్దవాళ్లెవరైనా నవ్వితే చిన్నబుచ్చుకోకు. నవ్వినవాళ్లనే జవాబు చెప్పమను, సగం మంది నీళ్లు నములుతారు. దాని సంగతి తాపీగా చూద్దాం. ముందు తేలికైన ముడి విప్పుకుందాం.

టికెట్ మీద ఉన్న రెండు సమయాలూ ఒకే గడియారానివి కావు. బయల్దేరే సమయం ఢిల్లీ గడియారానిది, దిగే సమయం శాన్‌ఫ్రాన్సిస్కో గడియారానిది. మనకు తెల్లవారినప్పుడు వాళ్లకు ఇంకా ముందురోజు సాయంత్రమే. మార్చి నుంచి నవంబరు మొదటి వారం దాకా మన గడియారం వాళ్ల కంటే పన్నెండున్నర గంటలు ముందుంటుంది. చలికాలంలో వాళ్లు గడియారాన్ని ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు కనుక ఆ తేడా పదమూడున్నర గంటలవుతుంది. ఇప్పుడు అమ్మమ్మ టికెట్ లెక్క చూడు. ఢిల్లీలో ఆదివారం తెల్లవారుజామున 4 గంటలంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో అప్పటికి శనివారం మధ్యాహ్నం 3.30. అక్కడి నుంచి మర్నాడు ఉదయం 6.30 దాకా లెక్కపెడితే 15 గంటలు. కాబట్టి ప్రయాణం పదిహేను గంటలదే. రెండు గడియారాల సమయాలను ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడం వల్లే రెండున్నర గంటలని తేలింది.

ఆ పదిహేను గంటలూ విమానం గాల్లోనే ఉంటుందనుకోకు. ఇక్కడ గేటు దగ్గర కదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా అయ్యే సమయాన్ని ప్రయాణ సమయంగా లెక్కిస్తారు. రన్‌వే దాకా నెమ్మదిగా పాకడం, వరసలో తన వంతు కోసం ఆగడం, దిగాక మళ్లీ పాకడం అన్నీ అందులోనే. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే విమానానికి టికెట్‌లో గంట వేస్తారు గానీ, గాల్లో ఉండేది అంతకంటే బాగా తక్కువ. దూరప్రయాణాల్లో ఈ అరగంట, ముప్పావు గంట పెద్దగా కనిపించదు.

ఇక దూరం. మీ బడి గోడకు ప్రపంచ పటం ఉంటే దాని మీద స్కేలు పెట్టి ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పుగా గీత గీయి. అది చైనా, జపాన్ మీదుగా పోయి పసిఫిక్ మహాసముద్రాన్ని అడ్డంగా దాటుతుంది. నిజంగా ఆ గీత మీదే వెళ్తే సుమారు 15,000 కిలోమీటర్లు. స్కేలు పెట్టి గీశాం కనుక ఇంతకంటే దగ్గరి దారి ఉండదనిపిస్తుంది. ఉంది. అది చూడాలంటే గోడ మీది పటం పనికిరాదు, గ్లోబు కావాలి. సైన్సు ల్యాబులో బీరువా మీద దుమ్ము పట్టి ఒకటి ఉండే ఉంటుంది, దించు. ఒక దారం తీసుకుని, ఒక కొసను ఢిల్లీ మీద బొటనవేలితో నొక్కిపట్టు. రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద ఉంచి బిగుతుగా లాగు. దారం పసిఫిక్ మీద నిలవదు. పైకి, ఉత్తరానికి జారిపోతుంది. హిమాలయాలు, పశ్చిమ చైనా, సైబీరియా, ఆర్కిటిక్ సముద్రం, అలాస్కా, కెనడా పడమటి అంచు, ఆ తర్వాత కాలిఫోర్నియా. ఆ దారం పొడవే అసలైన దగ్గరి దూరం: సుమారు 12,400 కిలోమీటర్లు. రెండున్నర వేల కిలోమీటర్ల పైచిలుకు ఆదా!

ఎక్కడో ఉత్తర ధ్రువం వైపు ఎక్కి దిగితే దూరం తగ్గడమేమిటని నీకు అనిపించాలి. గ్లోబు మీద నిలువుగా ఉన్న రేఖాంశాల గీతల్ని చూడు. భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉన్నవి పైకి పోయేకొద్దీ దగ్గరై, ధ్రువం దగ్గర ఒక్కచోట కలిసిపోతాయి. డిగ్రీకొకటి చొప్పున గీస్తే, పక్కపక్కనున్న రెండు గీతల మధ్య ఢిల్లీ దగ్గర 98 కిలోమీటర్లుంటే, ఉత్తరాన 75 డిగ్రీల దగ్గర 29 కిలోమీటర్లే. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇలాంటి గీతలు నూట అరవై దాకా దాటాలి. ఎలాగూ దాటక తప్పనప్పుడు, అవి ఇరుకుగా ఉన్నచోటికి పోయి దాటడం లాభం కదా. పైకి ఎక్కడానికీ కిందికి దిగడానికీ పెట్టిన ఖర్చు పోను ఇంకా మిగులుతుంది.

గోడ మీది పటంలో ఈ ఇరుకు కనిపించదు. గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి తేవాలంటే ఎక్కడో ఒకచోట సాగదీయాలి. 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడ నడిపేవాళ్ల కోసం గీసిన పటంలో రేఖాంశాలన్నీ ధ్రువం దాకా సమాన దూరంలోనే ఉంటాయి. నావికులకు దిక్కు పట్టుకోవడానికి అది బంగారంలాంటి పటం, దూరం కొలవడానికి మాత్రం కాదు. అందులో గ్రీన్‌లాండ్ ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికా గ్రీన్‌లాండ్‌కు పధ్నాలుగు రెట్లు.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న దగ్గరికి వద్దాం. నీ ఉపాయం పనిచేస్తుందనే అనుకుని ముందు లెక్క కడదాం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. విమానం ఢిల్లీ పైన కదలకుండా నిలబడితే, కింద నేల తూర్పుకు జరిగిపోతూ, పడమటి దేశాలు ఒక్కొక్కటే కిందికి రావాలి. ముందు పాకిస్తాన్, తర్వాత ఇరాన్, ఆఫ్రికా ఉత్తర భాగం, అట్లాంటిక్, మెక్సికో. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. పడమటి వైపు నుంచి లెక్కేస్తే శాన్‌ఫ్రాన్సిస్కో సుమారు 200 డిగ్రీల దూరం. అంటే 13 గంటల 20 నిమిషాల్లో వచ్చేయాలి. ఇంధనం కాల్చుకుంటూ పోయే విమానం కంటే ముందే! చిన్న చిక్కు ఒకటుంది. ఢిల్లీ కంటే శాన్‌ఫ్రాన్సిస్కో తొమ్మిది డిగ్రీలు ఉత్తరాన ఉంది. కాబట్టి అమ్మమ్మ కిందికి వచ్చేది ఊరు కాదు, ఊరికి వెయ్యి కిలోమీటర్లు దక్షిణాన ఉన్న నడిసముద్రం. అయినా ఆ వెయ్యి కిలోమీటర్లూ ఎగిరి పోవచ్చులే.

మరి ఎందుకు పనిచేయదు? ఢిల్లీ దగ్గర నేల తూర్పుకు గంటకు దాదాపు 1,465 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాని మీద ఉన్న గాలి కదలకుండా నిలబడి ఉందనుకో. అప్పుడు వీధిలోకి వచ్చిన ప్రతివాడికీ తూర్పు నుంచి గంటకు 1,465 కిలోమీటర్ల గాలి ముఖానికి కొట్టాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు గాలి వేగం గంటకు 170, 180 కిలోమీటర్లు. దానికే ఊళ్లో చెట్లు వేళ్లతో సహా లేచాయి, ఎయిర్‌పోర్టు పైకప్పు ఎగిరిపోయింది. దానికి ఎనిమిది రెట్ల గాలి వీస్తే భూమి మీద ఏదీ నిలవదు. అలా జరగడం లేదంటే, గాలి నేలతో పాటే తిరుగుతోందన్నమాట. నేల, సముద్రం, గాలి, ఆగి ఉన్న విమానం, అందులో బెల్టు బిగించుకుని కూర్చున్న అమ్మమ్మ అందరూ ఒకే వేగంతో తూర్పుకు పోతున్నారు. విమానం పైకి లేచినా ఆ వేగం ఎక్కడికీ పోదు, చుట్టూ ఉన్న గాలి కూడా అదే వేగంతో పోతుంటుంది. కాబట్టి గాల్లో నిలబడిందంటే ఢిల్లీ పైనే నిలబడినట్టు. ఒకచోట ఆగి ఎగిరే హెలికాప్టర్‌ను చూస్తే, అది ఏ మేడ పైన ఆగిందో ఎంతసేపైనా ఆ మేడ పైనే ఉంటుంది.

ఇక్కడితో ఆపేస్తే నీ ఆలోచనకు అన్యాయం చేసినట్టే. భూమి తిరగడం విమానానికి నేరుగా సాయం చేయదన్న మాట నిజమే. దొడ్డిదారిన చేస్తుంది. ఎలాగంటావా?

గాలి నేలతో పాటు తిరుగుతుందన్నాను గానీ, అన్నిచోట్లా సరిగ్గా నేల వేగంతోనే తిరగదు. భూమధ్యరేఖ దగ్గర ఎండ ఎక్కువ. అక్కడి గాలి వేడెక్కి పైకి లేచి, పైపైన ఉత్తరానికీ దక్షిణానికీ పరుచుకుంటుంది. భూమధ్యరేఖ దగ్గర నేల వేగం గంటకు 1,670 కిలోమీటర్లు. అక్కడ లేచిన గాలికి కూడా తూర్పుకు ఆ వేగమే ఉంటుంది. ఆ గాలి ఉత్తరానికి నడిచి 30 డిగ్రీల దగ్గరికి, అంటే మన ఢిల్లీ దరిదాపులకు వచ్చేసరికి, కింద నేల వేగం 1,450 లోపే. గాలి మాత్రం పుట్టింటి వేగాన్ని వదులుకోదు. నేల కంటే ముందుకు ఉరుకుతుంది. నేల మీద నుంచి చూసేవాళ్లకు అది పడమర నుంచి తూర్పుకు వీచే పెనుగాలి. అసలు లెక్క ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది. భూమి ఇరుసుకు దగ్గరయ్యేకొద్దీ గాలికి ఇంకా వేగం పెరగాలి, మిగతా గాలితో కలిసి కొంత పోగొట్టుకుంటుంది. వెచ్చటి దక్షిణానికీ చల్లటి ఉత్తరానికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువుంటే ఈ గాలి అంత జోరుగా ఉంటుంది. అందుకే చలికాలంలో దీని బలం ఎక్కువ. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున, సన్నటి పాయలుగా, గంటకు 150 నుంచి ఒక్కోసారి 300 కిలోమీటర్లు దాటి కూడా పారే ఈ గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు. పెద్ద విమానాలు ఎగిరే ఎత్తు కూడా సరిగ్గా అదే.

దీన్ని మొదట కొలిచినవాడు జపాన్ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి. 1920లలో ఆయన బుడగలు వదిలి, అవి పోయే దారిని నేల మీద నుంచి గమనిస్తూ పైగాలి వేగం లెక్కగట్టాడు. పాపం, ఆ ఫలితాలను ప్రపంచమంతా చదవాలని 1926లో ఎస్పెరాంటో భాషలో అచ్చువేశాడు. అది ఎవరూ చదవలేదు. 1944లో జపాన్ మీదికి పోయిన అమెరికా బాంబర్లు ఆ పెనుగాలికి చిక్కాక గానీ మిగతా ప్రపంచానికి దాని సంగతి సరిగ్గా తెలిసిరాలేదు. జెట్ స్ట్రీమ్‌లలో ఎదురు దిక్కున పోయేది కూడా ఒకటుంది. వానాకాలంలో మన దక్షిణ భారతం పైన, ఇంకా ఎత్తులో, తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దాన్ని 1958లో వివరించిన పంచేటి కోటేశ్వరం మన తెలుగువాడే. తర్వాత భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్ అయ్యాడు.

ఈ గాలి విమానాన్ని ఏం చేస్తుంది? రాజమండ్రి నుంచి పాపికొండలకు లాంచీలో వెళ్లినవాళ్లను అడుగు. పోయేటప్పుడు గోదావరికి ఎదురీదాలి, వచ్చేటప్పుడు వాలున రావాలి. ఇంజిన్ ఒకటే, చప్పుడు ఒకటే, కానీ ఒడ్డున చెట్లు వెనక్కి పోయే తీరు వేరు. విమానానికి కూడా గాలిలో దాని వేగం ఒకటే, సుమారు గంటకు 900 కిలోమీటర్లు. గాలి వెనక నుంచి గంటకు 150తో తోస్తే, నేలను బట్టి చూస్తే 1,050 అవుతుంది. అదే గాలి ఎదురైతే 750. సీటు ముందు తెర మీద పటంతో పాటు గ్రౌండ్ స్పీడ్ అని ఒక అంకె మారుతూ ఉంటుంది చూడు, అది ఇదే.

ఇప్పుడు విచిత్రం విను. 2016 అక్టోబరు దాకా ఎయిర్ ఇండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు పడమటి దిక్కుగా, అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. దూరం సుమారు 13,900 కిలోమీటర్లు. దారిలో ఎదురుగాలి. ఆ నెల 16న, ఆదివారం తెల్లవారుజామున, విమానాన్ని తూర్పుకు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం సుమారు 15,300 కిలోమీటర్లకు పెరిగింది. సమయం మాత్రం పెరగలేదు సరికదా, తగ్గింది. వెనక నుంచి తోసే గాలి పుణ్యమా అని పద్నాలుగున్నర గంటల్లో చేరింది. గోడ మీది పటంలో స్కేలు పెట్టి నువ్వు గీసిన గీత గుర్తుంది కదా, దాదాపు ఆ దారే ఇది! దారం చూపిన దారి కంటే మూడు వేల కిలోమీటర్లు ఎక్కువైనా, పాత దారిని గెలిచింది. వచ్చేటప్పుడు పసిఫిక్ మీదుగా వస్తే ఆ గాలే ఎదురొస్తుంది కనుక అట్లాంటిక్ మీదుగా వచ్చారు. అంటే అప్పుడు కూడా తూర్పుకే. ఆ విమానంలో పోయివచ్చినవాళ్లకు ఒక్క టికెట్‌తో భూప్రదక్షిణ అయిపోయింది.

పోయేటప్పుడు గాలి తీసుకున్నది వచ్చేటప్పుడు ఇచ్చేస్తుంది కదా, ఒకే దారిన పోయి వస్తే లెక్క సరిపోదా అనొచ్చు. సరిపోదు. 12,000 కిలోమీటర్ల దారి, 900 వేగం, 100 గాలి అనుకుందాం. వాలుకు 1,000 వేగంతో 12 గంటలు, ఎదురుకు 800 వేగంతో 15 గంటలు, మొత్తం 27. గాలే లేకపోతే పోనూ రానూ 26 గంటల 40 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కనుక అది దోచుకునే సమయమే ఎక్కువ. గాలి దగ్గర బాకీ ఎప్పుడూ పూర్తిగా వసూలు కాదు.

గాలి మరీ మంచిగా ఉంటే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో చూశాం. తుపాను ఊపులో ఉన్న జెట్ స్ట్రీమ్ మీద ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. ఒక దశలో దాని గ్రౌండ్ స్పీడ్ గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అంటే ధ్వని వేగాన్ని దాటిందా? లేదు. ధ్వని కూడా ఆ గాలిలోనే పోవాలి కదా. గాలిని బట్టి చూస్తే విమానం ఎప్పటి వేగంతోనే పోతోంది.

మరి దారం చూపిన 12,400 కిలోమీటర్ల దారిని ఎవరూ వాడరా? వాడతారు. 2019 ఆగస్టు 15న ఎయిర్ ఇండియా మొదటిసారి ధ్రువప్రాంతం మీదుగా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు విమానం నడిపింది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు, దాదాపు 14,000 కిలోమీటర్లు, ఉత్తర ధ్రువం మీదుగా నడిపినవాళ్లు నలుగురూ మహిళా పైలట్లే. కెప్టెన్ జోయా అగర్వాల్‌తో పాటు అందులో పాపగారి తన్మయి కూడా ఉంది. ఆ దారిలో ఇబ్బందులు వేరు. బయట చలి మైనస్ 60 దాకా పోతుంది. విమానాల్లో వాడే ఇంధనం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది. అందుకని ట్యాంకులో వేడి ఎంతుందో పైలట్లు చూసుకుంటూ ఉండాలి. మరీ పడిపోతే కిందికి దిగో, వేగం పెంచో దాన్ని వెచ్చబరచాలి. ఆపద వస్తే దిగడానికి అక్కడ ఎయిర్‌పోర్టులు తక్కువ. 2023 జూన్‌లో ఇదే ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో విమానం ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో దిగాల్సి వచ్చింది. అమ్మమ్మలాంటి రెండువందల మంది పైగా ప్రయాణికులు ఎన్నడూ పేరు వినని ఊళ్లో ఉండి, వేరే విమానం వచ్చాక కదిలారు.

ఇక గాలికీ దారానికీ సంబంధం లేని అడ్డంకులు మనుషులు పెట్టేవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా విమానాలకు రష్యా గగనతలం మూసుకుపోయింది. సైబీరియా మీదుగా పోలేకపోతే దగ్గరి దారి లేనట్టే, అందుకే ఒక అమెరికన్ సంస్థ తన ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్నే ఆపేసుకుంది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి పడమరకు పోయే విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

అందుకే రెండు ఊళ్ల మధ్య దూరం ఒకటే అయినా, దారి ఏ రోజుకారోజు కొత్తగా గీస్తారు. విమానం కదలడానికి కొన్ని గంటల ముందు, ఆ రోజు పైగాలి ఎటు ఎంత ఉందో చూసి, ఏ దారిన ఇంధనం తక్కువ పడుతుందో కంప్యూటర్ లెక్కిస్తుంది. నీకు ఓపికుంటే, విమానాల దారి చూపించే ఫ్లైట్‌రాడార్‌24 వెబ్‌సైట్‌లో అమ్మమ్మ విమానం నంబరు కొట్టి వరసగా వారం రోజులు చూడు. మ్యాప్ మీద గీత రోజుకో చోట ఉంటుంది. పక్కనే గ్రౌండ్ స్పీడ్ కూడా వేస్తారు. అది నాట్స్ (kts) అనే కొలతలో ఉంటే 1.85తో హెచ్చవేయి, గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 900 దాటిందంటే గాలి వెనక నుంచి తోస్తోంది, తగ్గిందంటే ఎదురొస్తోంది. రాసిపెట్టుకుంటే డిసెంబరు అంకెలకూ జూన్ అంకెలకూ తేడా నీకే తెలుస్తుంది.